రెండో క్యాను మూత

మా ఆయన ముక్కుకి డెయిరీవాళ్లు జీతం ఇచ్చేవాళ్లు. నా ముక్కు మీద ఉన్నది కోపం ఒక్కటే, దానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఈ కథ ఆయనదే అయినా చెప్పేది నేను. ఆయన్ని చెప్పమంటే గొంతు సవరించుకుని రెండు మాటలు చెప్పి లేచిపోతాడు, ఆ రెండూ తనకి ఇబ్బంది లేనివే ఏరుకుంటాడు. నాకు ఆ మొహమాటం లేదు.

డెయిరీలో పాలు దించుకునే అరుగు ఒకటి ఉంది. తెల్లవారుతుండగానే వ్యానులు వచ్చి ఆ అరుగు మీద క్యాన్లు వరసగా దింపుతాయి, పాలు పోసేవాళ్లు కూడా వాటితోపాటే దిగుతారు. ఆ వరస వెంట నడవడం ఈయన పని. క్యాను మూత ఎత్తుతాడు, దాని లోపలి వైపుని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చిన్నగా ఒక్కసారి పీలుస్తాడు. పాలలో ఏ కంపు ఉన్నా అది ముందు మూత కింద చేరి ఉంటుందట, మూత తీసిన మరుక్షణం గాలికి పోతుందట, అందుకని ఆలస్యం చేయకూడదట. పాలు బాగుంటే మూత మామూలుగా పెడతాడు. పనివాళ్లు ఆ క్యాను ఎత్తి తొట్టిలో పోసేస్తారు. బాగోకపోతే మూత తిరగేసి పెడతాడు. అంతే, నోరు విప్పడు. మూత తిరగబడ్డ క్యానుని తెచ్చినవాళ్లే వెనక్కి మోసుకుపోవాలి.

ఆయన్ని అక్కడ అందరూ ముక్కుగారు అనేవాళ్లు, వెక్కిరింతగా కాదు, నిజంగా గౌరవంగానే. ఆవు ఏ పిచ్చి ఆకు మేసిందో, సబ్బుతో కడిగిన క్యానుని నీళ్లతో సరిగ్గా జాడించలేదో, పాలు ఎండలో నిలబడ్డాయో, ఆవు పొదుగుకి వాపు ఉందో మూత వాసనతోనే పట్టేసేవాడు. ఒక్క క్యాను చెడ్డది కలిసిందా, తొట్టి మొత్తం పోయినట్టే. పాలలో పట్టిన కంపు మీగడలోకి వెళుతుంది, మీగడ నుంచి వెన్నలోకి, వెన్న నుంచి నెయ్యిలోకి వెళుతుంది. కొవ్వు ఒకసారి వాసన పట్టిందంటే ఇక వదలదు, కాచినా వడకట్టినా లాభం లేదు. అందుకే ఆయన మాటకి ఎదురు లేదు. తిరగేసిన మూత మీద ఎవరూ పంచాయితీ పెట్టకూడదు, మేనేజరుతో సహా.

అక్కడ ముక్కుగారు సరే. ఇంట్లో ఆ ముక్కుకి చాకిరీ చేసింది ఎవరు?

పెళ్లయిన మర్నాడు పొద్దున్న నేను వాసన సబ్బుతో స్నానం చేసి వచ్చాను. కొత్త పెళ్లికూతుర్ని, మొగుడు దగ్గరికొచ్చి ఏదో అంటాడని నిలబడ్డాను. వచ్చాడు. పీల్చాడు. నేరుగా స్నానాల గదిలోకి వెళ్లి ఆ సబ్బుని రెండు వేళ్లతో చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు పట్టుకుని తీసుకెళ్లి కిటికీ బయట పెట్టాడు. ఆ రోజుతో నా సబ్బు పోయింది. తర్వాత పౌడరు పోయింది, తలనూనె పోయింది, బీరువాలో బట్టల మధ్య పెట్టుకునే బిళ్లలు పోయాయి. ఉల్లిపాయలు వేయించకూడదు, వెల్లుల్లి ఇంట్లోకి రాకూడదు, చేప అన్న మాటే ఎత్తకూడదు. ముక్కు మొద్దుబారుతుందట. నాకేమో తలనొప్పి, పుట్టింటి నుంచి నాతో వచ్చిన ఆస్తి అదొక్కటే. బామ్ రాసుకుంటే తప్ప తగ్గదు. ఆ బామ్ సీసా పక్కింటివాళ్ల దగ్గర దాచుకునేదాన్ని. తలనొప్పి వచ్చినప్పుడు వాళ్ల వరండాలోకి వెళ్లి, నుదుటికి రాసుకుని, వాసన పోయేదాకా అక్కడే కూర్చుని, మొహం కడుక్కుని నా ఇంటికి నేను రావాలి. మా చెల్లెలు పడీపడీ నవ్వేది. నువ్వు బావకి పెళ్లానివి కాదక్కా, ఆ ముక్కుకి సవతివి అనేది. నవ్వులాటకి అన్నా అందులో అబద్ధం లేదు.

మరి ఇంక ఏం వండుకోవాలి? వాసన రానివి. అంటే తెల్లవి. డెయిరీ నుంచి రోజూ మా వంతు పాలు వచ్చేవి, నేను వాటితోనే కుస్తీ పట్టాను. బంగాళాదుంపలు ఉడికించి వెన్నా కాసిని వేడి పాలూ వేసి మెత్తగా మెదిపేదాన్ని. మాంసం వండే రోజున ముందే పెరుగులో నానబెట్టేదాన్ని, ఆ పులుపుకి ముక్క మెత్తబడుతుంది, మసాలా లేదన్న బాధ కొంచెం తగ్గుతుంది. పెరుగుని ఉడుకుతున్న సూపులో గుమ్మరిస్తే విరిగి ముక్కలవుతుంది. ముందు చెంచాడు పిండి కలిపి, మంట తగ్గించి, నిదానంగా పోయాలి. ఇవన్నీ పాడు చేసీ చేసీ నేర్చుకున్నాను. పాలు విరిగితే పారబోసే అలవాటు మా ఇంట్లో లేదు. ముద్దని వడగట్టి ఉప్పు చల్లి రొట్టె మీదికి, తేరిన నీళ్లు పిండి తడపడానికి. ఆ నీళ్లతో తడిపిన పిండితో చేస్తే రొట్టె రెండో రోజుకి కూడా గట్టిపడదు. మా అత్తగారికి పాలు పడేవి కావు, తాగితే పొట్ట ఉబ్బరించేది. అదే పాలు తోడేసి పెట్టిన పెరుగైతే హాయిగా తినేది. పాలలో ఉండే తీపిని తోడు చాలావరకు తినేస్తుంది, అందుకని అరుగుతుంది. వెన్న తీసిన పాలని ఆవిడ నీళ్ల పాలని ఈసడించేది. పోయింది కొవ్వే అత్తయ్యా, ఎముకకీ కండకీ కావాల్సింది అందులోనే ఉంది అని రోజూ చెప్పి తాగించాల్సి వచ్చేది. వట్టి వెన్నా నెయ్యీ వేసి పెంచితే మనిషి లావెక్కుతాడు తప్ప బలమెక్కడు. అలాగని వట్టి పాల మీదే పెంచినా పిల్లలు పాలిపోతారు, రక్తానికి కావాల్సింది పాలలో దాదాపు ఉండదు. నా కూతురికి ఆకుకూరలు పెట్టడానికి ఈయనతో యుద్ధమే చేశాను. ఉడికించిన ఆకు కూడా వాసనేనట.

ఇంతా చేస్తే మెచ్చుకోలు ఉండేదా? అరుగు మీద చేసిందే ఇంట్లోనూ చేసేవాడు. పెరుగు గిన్నె మూత ఎత్తేవాడు, పీల్చేవాడు, రవ్వంత పులిసినా మూత తిరగేసి పెట్టి లేచిపోయేవాడు. నెయ్యి కొద్దిగా రంగు తిరిగినా అదే. ఒక్క మాట అనడు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. తిరగేసిన మూతతో ఎవరు దెబ్బలాడతారు? నేను నీ అరుగు మీద క్యాను దింపడానికి వచ్చినదాన్నా అని ఎన్నిసార్లు అడిగానో. వినిపించుకుంటే కదా.

పోయిన చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, ముక్కు దిబ్బడేసి దగ్గుతో మంచాన పడి లేచాడు. లేచిన దగ్గర్నుంచి మనిషి మారిపోయాడు. మూతలు తిరగేయడం మానేశాడు. గిన్నె మూత ఎత్తడం, పక్కన పెట్టడం, వడ్డించుకోవడం. అంతటితో ఆగలేదు, మెచ్చుకోవడం మొదలుపెట్టాడు. ఒక రోజు పెరుగు భలే కుదిరింది అన్నాడు. ఇంకో రోజు సూపు రెండోసారి వేయించుకుని, నీ చేతి వంట నీ చేతి వంటే అన్నాడు. నేను వంటగదిలోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, అద్దంలో కూడా చూసుకున్నాను. జ్వరంతో మంచాన పడి లేచాడు కదా, నా విలువ తెలిసొచ్చింది అనుకున్నాను. మా చెల్లెలికి చెప్పుకుని మురిసిపోయాను. ఏళ్ల తరబడి ఎండిన ప్రాణం, నాలుగు మంచి మాటలకే గాల్లో తేలిపోయింది.

ఆ తేలడం ఎలా ముగిసిందో చెబుతాను. పాత వెన్న ఒకటి నా దగ్గర ఉంది. పాడై, పసుపు రంగు ముదిరి, దగ్గరికెళితే ముక్కు మూసుకోవాల్సినంత కంపు కొట్టే వెన్న. తలుపు బందులకి రాయడానికీ ఇనప పెనం తుప్పు పట్టకుండా పూయడానికీ కింది అరలో చిన్న గిన్నెలో పెట్టాను. ఒక సాయంత్రం నేను పెరట్లో బట్టలు తీసుకుని వచ్చేసరికి ఈయన బల్ల ముందు కూర్చుని రొట్టె తింటున్నాడు. రొట్టె మీద ఆ వెన్న. దళసరిగా పూసుకున్నాడు. నన్ను చూసి, నోట్లో ముద్దతోనే, "వెన్న ఇవాళే తీశావా? కమ్మగా ఉంది" అన్నాడు.

నా చేతిలో బట్టలు చేతిలోనే ఉండిపోయాయి. ఇంటికి ఆ మూలనున్న నాకు కంపు కొడుతోంది. ఆయన వేళ్లు నాకుతున్నాడు. అప్పుడు నాకు పెరుగు గుర్తొచ్చింది, సూపు గుర్తొచ్చింది, నీ చేతి వంట నీ చేతి వంటే అన్న మాట గుర్తొచ్చింది. ఒళ్లంతా మంట పుట్టింది. అయినా ఆ పూట ఏమీ అనలేదు. నా నోరు ఎలాంటిదో ఊరంతటికీ తెలుసు, అలాంటిది గట్టిగా మూసుకుని పడుకున్నాను. ఖాయం చేసుకోకుండా నోరు పారేసుకోకూడదని.

మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి, పక్కింటివాళ్లని అడిగి ఉల్లిపాయలూ వెల్లుల్లీ తెచ్చాను. తలుపులు కిటికీలు మూసేశాను. పెనం మీద నెయ్యి వేసి, పెళ్లయ్యాక మొదటిసారి నా పొయ్యి మీద ఉల్లిపాయలు వేయించాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. నాకే కళ్లు చెమర్చాయి, ఉల్లికో దేనికో తెలియదు. ఆయన లేచాడు, మొహం కడుక్కున్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటగది గుమ్మం దాకా వచ్చాడు. నేను పెనం మీద మూత పెట్టి నిలబడ్డాను. ఆయన కిటికీ అద్దంలోంచి బయటికి చూసి, ఇవాళ వాన పడేట్టుంది, గొడుగు ఎక్కడుంది అని అడిగాడు.

పెనం మూత తీసి తిరగేసి బల్ల మీద పెట్టాను. ఆయన చేసినట్టే, మాట లేకుండా. ఆ మూత చూశాడు, పెనంలో ఎర్రగా వేగిన ఉల్లిపాయలు చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తేలు కుట్టిన దొంగ మొహం ఎలా ఉంటుందో నేను ఆ రోజే చూశాను.

ఎప్పటి నుంచి అంటే జ్వరం నుంచి అన్నాడు. డాక్టరు దగ్గరికి వెళ్లాడట, వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అని ఆ డాక్టరు అన్నాడట. ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది. వాసన మాత్రం సున్న. నాకు చెప్పలేదు. నేనేమో చలికాలమంతా పక్కింటి వరండాలో వణుక్కుంటూ బామ్ రాసుకున్నాను, లేని ముక్కుకి అడ్డం రాకూడదని. ఆయన నన్ను రోజూ చూస్తూనే ఉన్నాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు పెనం తీసుకోవాలనిపిస్తుంది.

కాని నా గొడవ చిన్నదని కాసేపట్లోనే తెలిసింది. మరి అరుగు మీద ఏం చేస్తున్నారు అని అడిగాను. పాలు చాలావరకు బాగానే ఉంటాయి, రంగు చూసి వదిలేస్తున్నాను అన్నాడు. అయితే అసలు మూతలే తిరగేయడం లేదా అన్నాను. అప్పుడు తల దించుకున్నాడు. ముక్కుగారు ఎన్నాళ్లయినా ఒక్క మూతా తిరగేయకపోతే జనానికి అనుమానం వస్తుందట. అందుకని అప్పుడప్పుడూ ఒకటి తిరగేస్తున్నాడట.

"ఎవరిది?" అన్నాను.

"ఎవరిదో ఒకరిది."

"ఎవరిది తిరగేస్తున్నారు? నా మొహం చూసి చెప్పండి."

"రెండు క్యాన్లామెది."

ఆమె నాకు తెలుసు, మాట్లాడి ఎరగను గాని చూసి తెలుసు. ఊరి చివర రెండు ఆవులు పెట్టుకుని ఒక్కతే బతుకుతున్న మనిషి. రోజూ చెరో చేతిలో ఒక క్యానుతో వ్యాను దిగుతుంది కాబట్టి అందరూ రెండు క్యాన్లామె అంటారు, అసలు పేరు ఎవరికీ పట్టదు. మొదటి క్యాను మామూలుగా వదిలేసి రెండో క్యాను మూత తిరగేసేవాడట ఈయన. ఒకటి మంచిదని, ఒకటి చెడ్డదని అంటే నిజంగా పీల్చి చూసినట్టు కనబడుతుందని. తెలివి చూడండి.

"ఆమెవే ఎందుకు?" అన్నాను.

చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత, "ఆమె గొడవ పెట్టుకోదు" అన్నాడు.

నేను ఆయన్ని జీవితంలో చాలా తిట్టాను, కాని ఆ రోజు తిట్టినట్టు ఎప్పుడూ తిట్టలేదు. గొడవ పెట్టుకోని ఆడది దొరికితే ఆమె పాలు నేలపాలు చేస్తారా అన్నాను. గొడవపడేదాన్ని కట్టుకుని ఏళ్ల తరబడి పెంచుకున్న కసి ఆమె మీద తీర్చుకున్నారా అన్నాను. పైగా డెయిరీలో ఒక పద్ధతి ఉంది. ఒకరి క్యాన్లు పదే పదే వెనక్కి పోతే వాళ్ల వాకిట్లో వ్యాను ఆగడం మానేస్తుంది. ఆమె ఆ అంచు దాకా వచ్చేసింది, ఇంకొక్క మూత తిరగబడితే చాలు. వ్యాను ఆగకపోతే అన్ని పాలు ఎక్కడ పోసుకుంటుంది? ఆ సంగతి ఈయనకీ తెలుసు. తెలిసే చేస్తున్నాడు.

ఇక ఆమెవి తిరగేయనులే అన్నాడు, అదేదో వరం ఇస్తున్నట్టు.

"మరెవరివి తిరగేస్తారు?" అన్నాను.

ఉద్యోగం పోతుంది అన్నాడు. ఈ ఇల్లు డెయిరీవాళ్లదే, ఇదీ పోతుంది, ఎక్కడికి పోతాం అన్నాడు. నాకు మాత్రం తెలియదా? గోడ మీద నా చేత్తో కొట్టిన మేకులున్నాయి, నా కూతురు పాకిన నేల అది. ఆ క్షణం నాకూ ఏం చేయాలో పాలుపోలేదు. కాని ఆ ఒక్క ముక్క చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది, ఆమె గొడవ పెట్టుకోదు, ఆమె గొడవ పెట్టుకోదు అని. ఇవాళ అరుగు మీద అందరి ముందూ మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా అన్నాను. ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. నేను పక్కింటికి వెళ్లి నా బామ్ సీసా తెచ్చుకున్నాను. నుదుటికి, కణతలకి, మెడకి, చేతులకి పట్టించి ఆయన పక్కనే నడిచాను.

అరుగు మీదికి నేను అంతకుముందు ఎప్పుడూ వెళ్లలేదు. నన్నెవరూ రానిచ్చేవాళ్లు కాదు. నేలంతా తడి, పైపుల్లోంచి ఆవిరి, క్యాను క్యానుకి తగిలే చప్పుడు. పాలు దింపేవాళ్లు నన్ను చూసి ముక్కున వేలేసుకున్నారు. బామ్ వాసన అరుగు ఆ చివర దాకా కొడుతోంది. పనివాళ్లలో పెద్దాయన ఒకడు దగ్గరికొచ్చి, అమ్మా, ముక్కుగారు ఉండగా ఇలా రాకూడదమ్మా అని మెల్లగా అన్నాడు. ముక్కుగారు నా భుజం పక్కనే నిలబడి ఉన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు. ఆ పెద్దాయన ఈయన మొహం చూశాడు, నా మొహం చూశాడు, ఇంకేమీ మాట్లాడకుండా వెనక్కి తగ్గాడు. నోరు విప్పకుండానే సగం సంగతి బయటపడిపోయింది.

చివరి వ్యాను వచ్చింది. ఆమె దిగింది. ఒక చేతిలో క్యాను ఉంది, రెండో చెయ్యి ఖాళీగా ఉంది. రెండో క్యాను వెనక ఎవరైనా అందిస్తారేమోనని నేను చూస్తున్నాను. వ్యాను తలుపు వేసేశారు.

ఈయన వరస మొదటి నుంచి నడవలేదు. నేరుగా ఆమె క్యాను దగ్గరికి వెళ్లాడు. మూత ఎత్తాడు, ముక్కు దాకా తీసుకెళ్లలేదు. ఆ మూతని ఆమెకి అందించాడు.

"నువ్వే చూసుకో అమ్మా. నాకు వాసన తెలియడం లేదు. చలికాలం నుంచి తెలియడం లేదు. నీ క్యాను మూత తిరగేసినప్పుడల్లా చూడకుండానే తిరగేశాను."

పనివాళ్లు ఎత్తిన క్యాన్లు మళ్లీ కిందికి దించారు. మేనేజరు లోపలి గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమె మూత వైపు చూస్తోంది. ఆమె గొంతు నేను మొదటిసారి వినడం అప్పుడే, కాస్త బొంగురు గొంతు.

"ఒక్కసారి కూడా చూడలేదా అన్నా?"

"లేదు."

"రెండో క్యానులో ఎర్రావు పాలు పోసేదాన్ని. రెండావుల పాలు కలపకుండా వేరువేరుగా తేవడం నాకు అలవాటు." కొంచెం ఆగింది. "అస్తమానం దాని పాలే వెనక్కి వస్తుంటే లోపల ఏదో జబ్బు ముదిరిందనుకున్నాను. నేను వాసన చూస్తే బాగానే ఉండేవి. మీ ముక్కు తప్పదు కదా, నాకే తెలియడం లేదు అనుకున్నాను. రెండోదానికి అంటుకుంటుందని మొన్న దాన్ని కబేళాకి ఇచ్చేశాను."

అంతే అన్నది. తిట్టలేదు, ఏడవలేదు, చేతిలో మూత ఆయన మొహాన కొట్టలేదు. ఆ మూతని తీసుకెళ్లి క్యాను మీద మామూలుగా పెట్టి, పొయ్యమని పనివాళ్లకి చెప్పింది. ఆయన అన్నది నిజమే, ఆమె గొడవ పెట్టుకోదు. కాబట్టి నేను పెట్టుకున్నాను. మేనేజరు వద్దంటున్నా, పెద్దాయన అమ్మా అమ్మా అంటున్నా, నా గొంతు పోయేదాకా ఆ అరుగు మీద ఆయన్ని కడిగి పారేశాను. ఏమన్నానో నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే, నేను అరుస్తున్నంతసేపూ ఆమె ఖాళీ క్యాను మీద చెయ్యి వేసి నేల చూపులు చూస్తూ నిలబడింది, ఆ తిట్లు తనకే అన్నట్టు.

మమ్మల్ని వీధిన పడేయలేదు. అది మా అదృష్టం, మా మంచితనం కాదు. ఈయన్ని క్యాన్లు కడిగే చోటుకి మార్చారు, వేడినీళ్ల ఆవిరిలో పొద్దంతా నిలబడే పని. ఇప్పుడు పాలు గాజు గొట్టంలో పోసి మందు చుక్కలు వేసి చూస్తున్నారట, ఎవరి ముక్కు మీదా ఆధారపడనక్కర్లేదు. ఆమె వాకిట్లో వ్యాను ఆగుతూనే ఉంది. ఒక పెయ్యని కొనిపెడతామని మేమిద్దరం ఆమె ఇంటికి వెళ్లాం. పెయ్య ఎదిగి, ఈని, పాలిచ్చేదాకా ఏం తినమంటావు వదినా అని అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టు. మేం లేచి వచ్చేశాం. ఇప్పటికీ ఆమెని అందరూ రెండు క్యాన్లామె అనే అంటారు.

డెయిరీ పాలు నేను మానేశాను. రోజూ పొద్దున్న గిన్నె పట్టుకుని ఆమె ఇంటికి వెళతాను. కొట్టంలో ఒక ఆవు ఉంటుంది, దాని పక్కన ఖాళీ గుంజ ఉంటుంది. ఆమె క్యాను తెస్తుంది, మూత తీస్తుంది, దాని లోపలి వైపుని నా ముక్కు దగ్గర పట్టుకుంటుంది. చూడు వదినా అంటుంది. మొదటి రోజు, అక్కర్లేదమ్మా, నీ మీద నాకు నమ్మకం లేదా ఏంటి అన్నాను. ఆమె చెయ్యి దించలేదు. నేను పీల్చి, బాగున్నాయి అనేదాకా పాలు పోయలేదు. ఆ రోజూ అంతే, ఇవాళా అంతే.

ఇంటికొచ్చి పాలు కాచి తోడేస్తాను. పక్క పొయ్యి మీద ఉల్లిపాయలు వేయిస్తాను, చేప వండుతాను, బామ్ రాసుకుని నా ఇంట్లోనే తిరుగుతాను. అంత సుఖమూ నాకు దక్కింది, ఒక ముద్ద కూడా రుచించదు. ఆయన మధ్యాహ్నం వస్తాడు, చేతులు నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. బల్ల ముందు కూర్చుని పెరుగు గిన్నె మూత ఎత్తుతాడు. ఏది చెడిందో ఏది బాగుందో ఇప్పుడు ఆయనకి తెలియదు కదా, చెంచా గాల్లో పట్టుకుని నా వైపు చూస్తాడు, బాగుందా, తినొచ్చా అని.

"ఎర్రావుది కాదు, తినండి" అంటాను.

రోజూ అదే అంటాను. ఆయన తల దించుకుని తింటాడు.